జీడి చేతులు, పాల పొదుగు

(నాతవరంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో జీడిపిక్కల మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన నాతవరం, నర్సీపట్నం ప్రాంతంలో జీడిమామిడి తోటలు కొత్త కాదు. వేసవి వచ్చిందంటే పిక్కలు ఏరేవాళ్ళు, కొట్టేవాళ్ళు, పొట్టు తీసేవాళ్ళు ఇంటికొకరైనా వుంటారు. పొద్దున్నే గేదె పాలు పితికి కేంద్రంలో పోసి, పిక్కలు కొట్టడానికి పోయి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొదుగు దగ్గర కూర్చునే తల్లులు ఈ సభలోనే వున్నారు. ఆ రెండు పనులూ చేసేది అవే రెండు చేతులు. అందుకే ఈ మాట.

జీడిపిక్క పెంకును కోసి చూస్తే లోపల తేనెపట్టులాగా గదులు గదులుగా వుంటుంది. ఆ గదుల్లో చిక్కటి, గోధుమరంగు నూనె వుంటుంది. ఆ నూనెలో సుమారు మూడింట రెండు వంతులు అనకార్డిక్ ఆమ్లం అనే పదార్థం. దానికి తోడు కార్డాల్ అనే మరొకటి వుంటుంది, అది ఇంకా ఘాటైనది. 1847లోనే స్టేడెలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రెంటినీ వేరుచేసి చూపించాడు. పెరుగులోని పులుపు, చింతపండులోని పులుపు కూడా ఇట్లా ప్రాణుల నుంచి, మొక్కల నుంచి పుట్టిన ఆమ్లాలే. కాని వాటికీ దీనికీ ఒక తేడా వుంది. అవి నీళ్ళలో కరుగుతాయి, చెయ్యి కడిగితే పోతాయి. దీనికి మాత్రం పొడుగాటి నూనె తోక వుంది. నీళ్ళతో కలవదు. ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా చేతిమీద పొరలాగా వుండిపోయి మెల్లగా చర్మంలోకి దిగుతుంది.

ఆమ్లం అనగానే పాల కేంద్రంలో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం మీకు గుర్తుకు వస్తుంది. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి గాని, గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసిన టెస్టర్లకు ఆ ఆమ్లం సంగతి బాగా తెలుసు. ఒక్క చుక్క పడితే అక్కడికక్కడే చురుక్కుమంటుంది, మనిషి ఎగిరి గంతేసి నీళ్ళ దగ్గరికి పరుగెత్తుతాడు. ఒక రకంగా అది నిజాయితీ గల శత్రువు. జీడి నూనె అట్లా కాదు. కొద్దిగా అంటితే ఆ పూట ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తరువాత దురద, ఎరుపు, వాపు, బొబ్బలు. అప్పటికి మనం మొన్న ఏం ముట్టుకున్నామో మరిచిపోయి వుంటాము. ఎక్కువగా అంటితే మాత్రం త్వరగానే చర్మం నల్లబడి పొక్కిపోతుంది. ఇంకొక సంగతి, మొదటిసారి ఏమీ కాని మనిషికి కూడా శరీరం దాన్ని ఒకసారి గుర్తుపెట్టుకున్న తరువాత, మరుసటిసారి కొంచెం తగిలినా ఒళ్ళంతా రేగవచ్చు. “నాకు ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదు” అనే మాట రేపటికి హామీ కాదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియదని అనుకోవద్దు. ఈ చెట్టును బ్రెజిల్ దేశం నుంచి పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. మనవాళ్ళు కొత్త చెట్టును చూసి, దాని గుణం చూసి, జీడిమామిడి అన్నారు. అంతకు ముందునుంచీ మనకు నల్లజీడి వుంది, చాకళ్ళు బట్టలమీద గుర్తు పెట్టడానికి వాడే కాయ, ఒంటికి తగిలితే పుండ్లు పడే కాయ. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం. మామిడికాయ ముచ్చిక విరిచినప్పుడు కారే సొన మూతికి తగిలి పొక్కడం చిన్నప్పుడు మనందరికీ అనుభవమే గదా! అంటే హెచ్చరికను పేరులోనే పెట్టి పోయారు. పప్పు రుచిలో పడి మనం ఆ పేరు సగం మరిచిపోయాము.

దూరదేశాల్లో కూడా ఇది జరిగింది. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిల్లల బేస్‌బాల్ సంఘం వాళ్ళు చందాల కోసం జీడిపప్పు పొట్లాలు అమ్మారు. పప్పులో పెంకు ముక్కలు కలిసిపోయాయి. తిన్నవాళ్ళలో 54 మందికి ఒంటిమీద దద్దుర్లు లేచాయి, అదీ తిన్న రెండు రోజులకు అటూ ఇటూగా. తోటలో పచ్చి పిక్కను పళ్ళతో కొరికి పప్పు తీసుకునే పిల్లల్ని మీరు చూసే వుంటారు. పెదవులు, నాలుక పొక్కి మూడు రోజులు అన్నం తినలేక ఏడుస్తారు. నిప్పుల్లో పిక్కలు కాల్చుకునే పిల్లలను కూడా దూరంగా వుంచండి. వేడికి పెంకు పగిలి నూనె చిమ్ముతుంది, భగ్గున మండుతుంది. కళ్ళలో పడితే ప్రమాదం.

ఇక పాడి సంగతికి వస్తాను. సాయంత్రం ఆలస్యమయిందని చేతులు నీళ్ళతో తొలిచి, కొంగుతో తుడుచుకుని పొదుగు పడతారు. చన్ను చర్మం మన అరచేతి చర్మం కంటే ఎంతో సున్నితం. పని చేసిన చెయ్యి కాయలు కాచి వుంటుంది గనుక మీకు ఏమీ తెలియదు, గేదెకు తెలుస్తుంది. రెండు రోజుల తరువాత చన్ను ఎర్రబడుతుంది, పొక్కుతుంది, పగుళ్ళు వస్తాయి. చెయ్యి వేయగానే తంతుంది, చేపు రాదు. ఇంట్లో దిష్టి తగిలిందని మిరపకాయలు తీస్తారు. దిష్టి తీస్తే తీయండి, నేను అడ్డు చెప్పను, కాని ముందు చేతులు చూసుకోండి. పొదుగులో పాలు మిగిలిపోతే, పగిలిన చన్నులో సూక్ష్మజీవులు చేరితే పొదుగువాపు వస్తుంది. ఆ ఈత పాడి అక్కడితో దెబ్బతిన్నట్లే. జీడి కూలితో వచ్చిన డబ్బు కంటే గేదె దగ్గర పోయేది ఎక్కువ.

అయితే చన్నుమీద పొక్కు కనిపించగానే అది జీడే అని తీర్మానించవద్దు. గాలికుంటులో కూడా చన్నుమీద బొబ్బలు వస్తాయి, కాని అప్పుడు జ్వరం వుంటుంది, నోట్లో పుండ్లు, చొంగ, గిట్టల మధ్య పుండ్లు, కుంటడం కనబడతాయి. పొక్కు మశూచి కూడా చన్నులకు వస్తుంది. జీడి వల్ల అయితే సాధారణంగా చెయ్యి పడిన చోటే వుంటుంది, ఆ చేతులు పితికిన పశువుకే వుంటుంది, పశువు మేత మామూలుగా తింటుంది. ఇది అనుమానించడానికి ఒక దారి మాత్రమే. తేల్చవలసినది పశువుల ఆసుపత్రిలో.

చేతులు ఎట్లా శుభ్రం చేసుకోవాలి? ముందు నీళ్ళు ముట్టవద్దు. పొడి తవుడు గాని పాత గుడ్డ గాని తీసుకుని జిడ్డును తుడిచివేయాలి. తరువాత కొంచెం కొబ్బరినూనె రాసి, గోళ్ళ సందులు కూడా పట్టించి, మళ్ళీ తుడవాలి. నూనెను నూనే లాగుతుంది. ఆ తరువాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. తుడిచిన గుడ్డ వేరుగా పారేయాలి, అది పొదుగు తుడిచే గుడ్డ కాకూడదు. కొంగు సంగతి మరీ మరీ చెబుతున్నాను. పనిలో కట్టిన చీర మార్చకుండా పొదుగు దగ్గర కూర్చుంటే, కడిగిన చెయ్యి మళ్ళీ కొంగును ముట్టగానే మొదటికి వస్తుంది. కొందరు బూడిదతో గట్టిగా రుద్దుతారు. పనిలో చేతికి బూడిద అద్దుకోవడం పాత అలవాటే గాని, బూడిదకు క్షార గుణం వుంది, పగిలిన చర్మంమీద రుద్దితే పుండు పెద్దదవుతుంది. పీచుతో, రాయితో గీరడం కూడా వద్దు.

ముందు జాగ్రత్తగా పని మొదలుపెట్టేటప్పుడే చేతులకు ఆముదం పట్టించి, ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ రాసుకోవాలి. తొడుగులు వేసుకుంటే ఇంకా మంచిది. పల్చటి రబ్బరు తొడుగు ఈ నూనెకు మెత్తబడి చిరుగుతుంది, మందపాటివి కావాలి. తొడుగు వేసుకుంటే కిలోలు తగ్గి కూలి తగ్గుతుందని మీరంటారు. నిజమే, కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఆ బాధ నాకు అర్థమవుతుంది. కనీసం ఎడమచేతికైనా, పిక్కను పట్టుకునే చేతికైనా వేసుకోండి.

స్టీములో వుడికించే పద్ధతి వచ్చింది గనుక భయం లేదని కొందరు అంటున్నారు. పెనంలో, డ్రమ్ములో కాల్చినప్పుడు పొగ కళ్ళను, గొంతును పట్టి పీడించేది, స్టీముతో ఆ బాధ తగ్గింది. కాని బాగా కాగినప్పుడు అనకార్డిక్ ఆమ్లం బొగ్గుపులుసు వాయువును వదిలి కార్డనాల్ అనే పదార్థంగా మారుతుంది. ఆవిరి వేడికి ఆ మార్పు అంతగా జరగదు. అంటే ముక్కుకు బాధ తగ్గింది గాని, చేతికి అంటే నూనె ఇంచుమించు పచ్చిదే. కాల్చిన పెంకులో కూడా ఘాటు పూర్తిగా పోదు.

పశువుల శాల గురించి రెండు మాటలు. పెంకులు వంటచెరకుగా తెచ్చి శాల పక్కన పోస్తారు, దోమలకని సందెవేళ వాటినే పొగ వేస్తారు. అదే పాలు పితికే వేళ. ఆ పొగ పశువు కళ్ళకూ, వూపిరికీ, మీకూ మంచిది కాదు. పాలు వాసనను ఇట్టే పట్టుకుంటాయి కూడా. చెదలు పట్టకుండా గుంజలకు జీడి నూనె పూసేవాళ్ళున్నారు. పూసినచోట అది బాగా ఆరేదాకా పశువును కట్టవద్దు, ఒళ్ళు రుద్దుకుంటుంది. జీడిపండ్లు పశువులకు వేయవచ్చు, కాని పిక్క తీసి, తాజాగా, కొద్దికొద్దిగా. గంపలకొద్దీ తింటే కడుపులో పులిసి పశువు పడిపోతుంది.

ఒక అమ్మ ఇందాక అడిగారు, పొరపాటున అంటిన చేత్తో పితికేస్తే ఏం చేయాలని. చన్నులను పొడిగుడ్డతో అద్ది, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి సబ్బుతో కడిగి, సబ్బు పోయేదాకా మంచినీళ్ళు పోయండి. అప్పటిదాకా దూడను వదలవద్దు, దాని మూతి పొక్కుతుంది. ఆ పూట పాలు కేంద్రానికి తేవద్దు, ఇంట్లో కూడా వాడవద్దు. మనిషి కంట్లో పడితే నలపకుండా పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బొబ్బలను చిదమవద్దు.

చివరగా కార్యదర్శిగారికి ఒక విన్నపం. మార్చి నుంచి మే నెల దాకా పాల కేంద్రం దగ్గర ఒక సబ్బు, ఒక సీసా కొబ్బరినూనె, ఒక డబ్బా తవుడు వుంచండి. ఖర్చు ఏ పద్దులో రాయాలన్నది కమిటీ వచ్చే సమావేశంలో తేల్చుకోవచ్చు, సామాను మాత్రం అంతకు ముందే వుండాలి.