తీరిక వేళల పని

(రాజోలు ప్రాంత సంఘముల స్త్రీల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



వృద్ధాప్యము, కుటుంబము, చేతిపని అను మూడు మాటలు నా చేతికిచ్చి వీటి మీద అరగంట మాట్లాడమన్నారు. మొదటి రెండింటి సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఈ గదిలో చాలామంది ఉన్నారు. కాబట్టి చేతిపనితో మొదలుపెడతాను. మిగిలిన రెండూ దాని వెనుకే వస్తాయి, రాక మానవు.

మన వైపు ఆడవారి చేతిపని అంటే లేసే. అరవై దాటినవారికి నేను చెప్పనక్కరలేదు గాని, పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు కనుక రెండు ముక్కలు చెబుతాను. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారితో కలిసి ఇంగ్లండు నుండి ఓడ ఎక్కిన బౌడెన్ దొరగారు, బీర్ దొరగారు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలకు వచ్చి గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశారు. తరువాత కొద్ది కాలానికి, 1844లో అంటారు, స్కాట్లండు వారైన మెక్రే దంపతులు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అల్లినవి మొదట సీమలోని స్నేహితులకు కానుకలుగా వెళ్లేవి. పోనుపోను అవి అమ్ముడుపోయి డబ్బు రావడం మొదలైంది. ఆ తరువాత పని సంఘపు గడప దాటింది. బయటికి వచ్చి కూలి చేయడం నామోషీ అనుకునే కాపుల ఇళ్లలోని ఆడవారు కూడా నాలుగు గోడల మధ్య కూర్చుని చేయగలిగిన పని అని సూది పట్టారు. వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి, మన రాజోలు వైపుకూ అమలాపురం వైపుకూ కూడా వచ్చింది.

ఇది మనకొక్కరికే వచ్చిన భాగ్యము కాదు. ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే, 1845 తరువాత, ఐర్లండులో బంగాళాదుంపకు తెగులు పట్టి ఘోరమైన కరువు వచ్చింది. అక్కడి మఠములలోని కన్యాస్త్రీలు ఈ కొక్కెపు సూది పనినే నేర్పి ఎన్నో కుటుంబాల పొయ్యి ఆరిపోకుండా చూశారు. అంతకు ముందే, 1820 ప్రాంతములో, దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మోల్ట్ దొరసానిగారు లేసు బడి పెట్టారు. అది వేరే రకము లేసు, దిండు మీద కదుళ్లతో అల్లేది. అక్కడ బానిసలుగా పుట్టిన కొందరు స్త్రీలు లేసు డబ్బు కూడబెట్టి, తమ వెల తామే చెల్లించి విడుదల పొందారని మిషను చరిత్రలు చెబుతాయి. ఈ మాటను కొంచెం మనసులో పెట్టుకోండి. లేసుకు డబ్బు రావడము అనేది చిన్న సంగతి కాదు.

ఇక మన ఇళ్లలో ఏమి జరిగిందో చూద్దాము. మా అమ్మ మధ్యాహ్నము అందరి భోజనాలూ అయ్యాక అంట్లు తోముకుని, అరుగు మీద కూర్చుని సూది పట్టేది. దీపాల వేళకు లేచి వంట చేసేది. మళ్లీ రాత్రి కిరసనాయిలు లాంతరు ముందు కూర్చునేది. దారము తెచ్చి ఇచ్చే ఏజెంటు ఒకామె ఉండేది. అల్లినది తీసుకుని, లెక్క చూసి, చిల్లర చేతిలో పోసేది. నా పలక, నా జీతము, మా తమ్ముడి చొక్కా ఆ చిల్లరలోవే. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు మా నాన్న మాత్రము, “ఊరికే కూర్చోలేదండి, తీరికగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటుంది” అనేవారు. ఆయన చెడ్డవారు కారు. ఊరంతా అనే మాటే ఆయనా అన్నారు. మా అమ్మకు తీరిక ఎక్కడున్నదో నేను మాత్రము ఎన్నడూ చూడలేదు.

మరియా మీస్ అను జర్మను దేశపు పరిశోధకురాలు నర్సాపురం వచ్చి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లేవారితో మాట్లాడి, 1982లో ఒక పుస్తకము ప్రకటించారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘నర్సాపురం లేసు అల్లికవారు’. ఆ పుస్తకములో ఆమె చెప్పినది ఒక్కటే మాట. ఈ స్త్రీలు ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుతున్నారు. వారి లేసు పరదేశాలకు ఎగుమతి అవుతున్నది. అయినా వారిని పనివారు అని ఎవరూ అనడము లేదు, వారు కూడా అనుకోవడము లేదు. ఇంట్లో ఉండే ఇల్లాళ్లు, తీరిక వేళల్లో చేసుకునే పని అంటున్నారు. తీరిక వేళల పని అనేసరికి ఎంత ఇచ్చినా చాలు. అప్పట్లో రోజంతా అల్లినా రూపాయి చేతికి రావడము కష్టము. పువ్వులు అల్లేది ఒకామె, దానిని చేతిపని అనేవారు. వాటిని కలిపేది మరొకామె, అది అతుకుపని. కాజా కుట్టేది ఇంకొకామె. పూర్తి అయిన టేబుల్ గుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లినామె కంటితో చూసేది కాదు.

నేను బడిపంతులమ్మను అయ్యాను. ముప్పైనాలుగు ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. సూది ముట్టుకోలేదు, ముట్టుకోవాలని అనిపించలేదు కూడా. పింఛను వచ్చింది. పిల్లలు రెక్కలు వచ్చి వెళ్లారు. కొడుకు హైదరాబాదు, కూతురు కువైట్‌లో నర్సు. కూతురి పిల్లను మూడేండ్లు నేనే పెంచాను. మనలో ఎంతమంది అమ్మమ్మలు కువైట్ వెళ్లిన కూతుళ్ల పిల్లలకు జడలు వేస్తున్నారో లెక్క తీస్తే ఈ గదిలో సగము చేతులు లేస్తాయి. తరువాత ఆ పిల్లను కూడా తల్లి తీసుకుపోయింది. అంతకు ముందు సంవత్సరమే మావారు ప్రభువునందు నిద్రించారు. ఇంటి నిండా మంచాలే, పడుకునే మనుషులు లేరు.

ముసలితనములో నాకు కష్టము అనిపించినది మోకాలి నొప్పి కాదు. దానికి తైలమున్నది. “కూర్చోండి మామ్మగారూ, మీరెందుకు, మేము చేస్తాం” అనే మాట కష్టము అనిపించింది. ప్రేమతో అనే మాటే. కాని రోజుకు పదిసార్లు వింటే, ఇక మనతో ఎవరికీ పని లేదని అర్థమవుతుంది.

అలాంటి రోజుల్లో అతుకుపని చేసే పక్కవీధి అమ్మాయి వచ్చి, “ఆర్డరు ఉన్నదండి టీచరుగారూ, పువ్వులు చాలడం లేదు, మీకు చేతనవునా?” అని అడిగింది. అరవై ఎనిమిదో ఏట మళ్లీ సూది పట్టాను. మొదటి వారము పువ్వు గిన్నెలాగ ముడుచుకుపోయింది. వేళ్లు బిగుసుకుని దారము లాగేసేవి. రెండో వారానికి గొలుసు కుట్టు దానంతట అదే సాగింది. నెల తిరిగేసరికి ఆ అమ్మాయి నా చేతిలో రెండువందల నలభై రూపాయలు పెట్టింది. నేను నా పింఛను పుస్తకము ఎన్నడూ అంత మురిసి చూడలేదు.

ఫోనులో ఈ మాట సంతోషముగా మా అబ్బాయికి చెప్పాను. వాడు కాసేపు పలకలేదు. “ఎందుకమ్మా నీకీ పని? నేను పంపేది చాలడం లేదా?” అన్నాడు.

“చాలుతోంది నాయనా.”

“మరి ఊళ్లో ఏమనుకుంటారు? కొడుకు చూడడం లేదు, అమ్మ లేసు అల్లుకుని బతుకుతోంది అనుకోరూ? కాలక్షేపానికి చేసుకో, వద్దనను. చేసినది ఊరికే ఇచ్చెయ్యి. డబ్బు మాత్రం తీసుకోకు.”

వాడి మాటలో ప్రేమ ఉన్నది, పరువు కూడా ఉన్నది. రెండింటినీ నేను కాదనను. కాని ఆ రాత్రి నాకు మా నాన్న మాట వినిపించింది. అప్పుడు తీరిక అన్నారు, ఇప్పుడు కాలక్షేపము అంటున్నారు. మాట మారింది గాని ధర మారలేదు. తీరిక పనికి తక్కువ ధర, కాలక్షేపానికి అసలు ధరే లేదు.

ఇంకొక సంగతి తోచింది. పింఛను ఉన్న నేను పువ్వు ఊరికే అల్లి ఇచ్చాననుకోండి, పింఛను లేని పక్కింటామె పువ్వుకు ఎవరు డబ్బు ఇస్తారు? ఆమె భర్త దింపు తీసే కార్మికుడు, చెట్టు మీద నుండి పడి నడుము పోయింది. ఆ ఇల్లు ఈ సూది మీద నడుస్తున్నది. నా ధర్మము ఆమె అన్నములో మన్ను కలుపుతుంది. సంఘానికి, అనాథలకు ఊరికే ఇద్దాము, తప్పక ఇద్దాము. అమ్ముకునేవారికి ఊరికే ఇవ్వడము మాత్రము దానము కాదు.

యొప్పేలోని దొర్కా గురించి మన కూటములలో ప్రతి ఏటా ప్రసంగము ఉంటుంది. ఆమె కుట్టిన అంగీలు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించిన సంగతి అందరికీ తెలుసు. ఆమె పనిలో ఇచ్చుట ఉన్నది. కాని కొరింథులో అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బతికారు. ప్రిస్కిల్ల కూడా కుట్టినదే. సామెతల గ్రంథము చివరి అధ్యాయములోని గుణవతియైన భార్యను మనము పెండ్లిండ్లలో ఎంతో పొగుడుతాము. ఆమె బట్టలు తయారుచేసి వర్తకులకు అమ్ముతుంది కూడా. ఆ అమ్మకము దగ్గరకు వచ్చేసరికి మన ప్రసంగీకులు కొంచెం వడివడిగా చదివేస్తారని నా అనుమానము. పాస్టరుగారు క్షమించాలి.

మా ఇంటి సంగతి ఎలా తేలిందని అడుగుతారు. పూర్తిగా తేలలేదు. క్రిస్మసుకు అబ్బాయి, కోడలు వచ్చారు. వాడు ఆ మాట ఎత్తలేదు. కోడలు మాత్రము నా పక్కన కూర్చుని ఒక పువ్వు విప్పి చూసి, “అత్తయ్యగారూ, దీనికెంతసేపు పడుతుంది?” అని అడిగింది. ఎన్నడూ లెక్క కట్టలేదన్నాను. మరునాడు అమలాపురము వెళ్లినప్పుడు గీతల పుస్తకము ఒకటి తెచ్చిపెట్టి, “కూర్చున్న వేళ, లేచిన వేళ రాయండి” అన్నది. అప్పటి నుండి రాస్తున్నాను. అడుగు వెడల్పు గుండ్రని గుడ్డకు నాకు పదకొండు గంటలు పట్టింది. దానికి వచ్చిన డబ్బును పదకొండుతో భాగించాను. వచ్చిన జవాబు ఈ సభలో చెప్పను, మీ ఇంట్లో మీ లెక్క మీరు భాగించుకోండి. ఆ పుస్తకము చూపించి అతుకుపని అమ్మాయి ఏజెంటును అడిగితే పువ్వుకు రూపాయి పెంచారు. మా అబ్బాయి ఇప్పటికీ తన స్నేహితుల దగ్గర మా అమ్మ విశ్రాంతి తీసుకుంటోంది అనే చెబుతాడు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఊరి పేరు మీద వేరేచోటి సరుకు అమ్మకుండా ఉండేందుకు అది సాయము. మంచిదే. యంత్రము మీద తయారైన లేసు చౌకగా వచ్చి పడుతున్నది గాని, కొక్కెపు సూది అల్లికను యంత్రము అచ్చముగా చేయలేదు, చూడడానికి అలా ఉండేది మాత్రమే చేస్తుంది. అయితే గుర్తింపు కాగితము సూది పట్టదు. సూది పట్టేవారిలో ఎక్కువమంది మన వయసువారే. ఆడపిల్లలు చదువుకుని ఇంతకంటే బాగా డబ్బు వచ్చే పనులకు పోతున్నారు. పోనివ్వండి, అందుకు నేను ఏడవను. ధర సరిగా ఉంటే ఒకరిద్దరు వాళ్లంతట వాళ్లే వస్తారు.

మళ్లీ మొదలుపెట్టదలచిన పెద్దవారికి నాకు తెలిసిన నాలుగు మాటలు. సన్న దారముతో మొదలుపెట్టకండి. లావు దారము, పెద్ద సూది పట్టండి, పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టుకోండి. పొద్దున్న వేళ్లు బిగుసుకుపోతాయి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ముంచి అప్పుడు పట్టండి. తెల్ల దారము అల్లేటప్పుడు ఒడిలో నల్ల గుడ్డ పరుచుకుంటే కన్నాలు స్పష్టముగా కనిపిస్తాయి. కంటి శుక్లము ముదిరితే ఆపరేషను చేయించుకోండి, లేసును తిట్టకండి. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతో మాత్రము దారము ముట్టుకోవద్దు, కోనసీమవారికి ఇది గట్టిగా చెప్పాలి. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి.

చివరిగా ఒక పని ఉన్నది. పాత నమూనాలు మన వైపు పుస్తకాలలో లేవు, గుడ్డలలోనే ఉన్నాయి. 1996 నవంబరు తుఫానులో చాలా ఇళ్లలో పెట్టెలు తడిసి పోయాయి. మిగిలినవి ఎవరి ఇంట్లో ఏమున్నాయో తెలియదు. మీ అమ్మ, మీ అత్తగారు అల్లిన రేడియో గుడ్డ, దిండు గలీబు అంచు, పెండ్లినాటి చేతిరుమాలు, చిరిగినదైనా సరే, వచ్చే నెల కూటానికి తీసుకురండి. పసుపుపచ్చగా మారినవాటిని బ్లీచింగులో వేయవద్దు. కుంకుడు రసములో నానబెట్టి, పిండకుండా తుండుగుడ్డ మీద పరిచి నీడలో ఆరబెట్టండి. కువైట్ పిల్లలను పెంచుతున్న అమ్మమ్మలు పిల్లలతో సహా రావచ్చు, వారికి దారము ఉండలు చుట్టే పని ఇస్తాము. ఒక్కొక్క గుడ్డనూ చూసి అల్లిక ఎక్కించుకుందాము, ఎవరి చేతిదో పేరు రాద్దాము. గీతల పుస్తకము నేను తెస్తాను.