రేడియేషన్ మధ్యలో మానితే

క్యాన్సర్‌కి రేడియేషన్ చికిత్స రోజుల లెక్క మీద నడుస్తుంది. నోటి, గొంతు క్యాన్సర్లకైతే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాల్లో 30 నుంచి 35 సిటింగులు పడతాయి. మంగళగిరి ఎయిమ్స్‌లోనో, పక్కనున్న చినకాకాని వైద్య కళాశాలలోనో చదివి ఈ ఏడాది పట్టా పుచ్చుకునే యువ వైద్యుల్లో రేడియేషన్ విభాగంలో చేరేవారు కొద్దిమందే. రోగి బంధువులు మాత్రం మొదట అడిగేది తెలిసిన ఎంబీబీఎస్ డాక్టరునే: కరెంటు (రేడియేషన్) పెడితే ఒళ్లు కాలుతుందా, ఇంట్లో చంటిపిల్లను ఎత్తుకోవచ్చా?

బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఎక్స్‌రే లాగే నొప్పి తెలియకుండా పోతుంది. యంత్రం ఆగాక ఒంట్లో కిరణాలు మిగలవు, పిల్లలను నిరభ్యంతరంగా ఎత్తుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కి మింగించే రేడియో అయోడిన్ సంగతి వేరు, దానికి కొన్నాళ్లు ఎడం పాటించాలి. తల, మెడ భాగాలకు చికిత్సయితే ముందు మాస్కు తయారు చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను ముఖం మీద సాగదీసి పరుస్తారు. కొద్ది నిమిషాల్లో అది ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. రోజూ దాన్నే బల్లకు బిగిస్తారు. గదిలో రోగి ఒంటరిగా ఉన్నా, బయటి నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారు. ఈ ఒక్క మాట ముందే చెబితే సగం భయం పోతుంది.

అసలు ప్రమాదం మధ్యలో మానడంలో ఉంది. సిటింగులు ఆగిన రోజుల్లో మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స అనుకున్నదానికంటే ఒక్క రోజు ఎక్కువ సాగినా గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి బయటి రేడియేషన్, లోపల పెట్టే బ్రాకీథెరపీ కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. డెల్టా పల్లెల్లో ఈ లెక్కకు వరికోతలు, సంక్రాంతి, అమావాస్య అడ్డొస్తాయి. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద అర్హులకు చికిత్స ఉచితమే అయినా, రోజూ బస్సెక్కడం, కూలి పోగొట్టుకోవడం భారమే. తప్పిన సిటింగును కొన్నిసార్లు ఒకే రోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇచ్చి పూడుస్తారు. అందుకు రోగి కబురైనా పెట్టాలి కదా! కేస్ షీటులో 'రోగి రాలేదు' అని రాసి చేతులు దులుపుకోవడం చదువుకున్నవాళ్లకు తగదు. ఎందుకు రాలేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. మానకూడదన్న సంగతి మొదటి సిటింగుకు ముందే ఇంటి పెద్దకు, వీలైతే ఆ ఇంటి కోడలికి కూడా చెప్పాలి, అన్నం పెట్టేదీ ఆస్పత్రికి తోడొచ్చేదీ ఆమే గనుక.

నోటి, గొంతు భాగాలకు రేడియేషన్ ఇస్తే రెండు మూడు వారాలకు నోట్లో పుండ్లు మొదలవుతాయి, రుచి పోతుంది, చర్మం నల్లబడుతుంది. జబ్బు ముదిరిందనుకుని చాలామంది మానేసేది ఇక్కడే. ఆవకాయ, గోంగూర పక్కనపెట్టి గంజి, రాగిజావ, చల్లటి మజ్జిగ, మెత్తగా కలిపిన పప్పన్నం పెట్టాలి. మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారానైనా ఆహారం అందాలి, బరువు తగ్గితే మాస్కు వదులైపోతుంది. ఖైనీ, చుట్ట పూర్తిగా మానాలి. పుండ్లు చికిత్స అయ్యాక కొన్ని వారాల్లో మానుతాయి; నోరు ఎండిపోవడం ఏళ్ల తరబడి ఉండవచ్చు. పుచ్చిన పళ్లను రేడియేషన్‌కి ముందే తీయించాలి. తర్వాత ఎప్పుడు పన్ను పీకించాల్సి వచ్చినా దవడకు రేడియేషన్ పడిందని దంతవైద్యుడికి చెప్పి తీరాలి, లేకపోతే ఎముక మానకుండా దెబ్బతినవచ్చు.