కోతుల ఆట, కెమెరా కన్ను



బిలాస్‌పూర్ అనగానే మనకు రైళ్లే గుర్తుకొస్తాయి. 2003లో ఏర్పడిన సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కాలనీల్లో పెరుగుతున్న పిల్లలకు ఒక అదృష్టం ఉంది. ఊరికి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్లు వెళితే అచానక్‌మార్ అడవి వస్తుంది. దీన్ని 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల రిజర్వుగా ప్రకటించారు. మనం గుగ్గిలం అని పిలిచే సాల వృక్షాలు అక్కడ దట్టంగా ఉంటాయి. ఆ కొమ్మల మీద వానరాల గుంపులు కనిపిస్తాయి. అవి ఆడుకుంటుండగా ఫొటో తీయడం ఎలా? దాని వెనుక ఉన్న సైన్సు ఏమిటి? ఈ రోజు ఆ విషయం తెలుసుకుందాం.

ముందుగా మనం చూస్తున్నది ఎవరినో గుర్తుపట్టాలి. ముఖం గులాబీ రంగులో, ఒళ్లు గోధుమ రంగులో ఉండి, తోక పొట్టిగా ఉంటే అది రీసస్ కోతి. ముఖం నల్లగా, ఒళ్లు బూడిద రంగులో ఉండి, తోక బాగా పొడవుగా ఉంటే అది కొండముచ్చు. గోదావరికి దక్షిణాన తెలుగు పల్లెల్లో ఎక్కువగా కనిపించేది మరో జాతి. దాని నడినెత్తిన వెంట్రుకలు టోపీ పెట్టినట్లు పరుచుకుని ఉంటాయి. అది బోనెట్ కోతి. దాని తోక రీసస్ కోతి తోక కంటే చాలా పొడవు. సెలవులకు తాతగారి ఊరు వెళ్లినప్పుడు పోల్చి చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండు కోతిపిల్లలు ఒకదానినొకటి పట్టుకుని దొర్లుతున్నాయి. అది ఆటా, పోట్లాటా? ముఖం చూడండి. నోరు వదులుగా తెరిచి ఉండి, ఒంట్లో బిగువు లేకపోతే అది ఆట ముఖం. ఇప్పుడు కింద ఉన్నది కాసేపటికి పైకి వస్తుంది. తరుముతున్నది వెనుదిరిగి తానే పరుగు తీస్తుంది. బలమైన పిల్ల కావాలనే తగ్గి ఆడుతుంది. పోట్లాటలో ఇలా వంతులు మారవు.

పళ్లన్నీ కనిపించేలా పెదవులు వెనక్కి లాగిన కోతిని చూసి చాలామంది "నవ్వుతోంది" అంటారు. పళ్లికిలించడం అనే మాట మన భాషలో కోతుల నుంచే వచ్చిందేమో అనిపిస్తుంది. కానీ రీసస్ కోతి అలా పళ్లు చూపించడం సాధారణంగా భయానికి, లొంగుబాటుకు గుర్తు. అలాంటి ఫొటో కింద "ఆనందంలో వానరం" అని రాస్తే ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా సమాచారం తప్పే అవుతుంది.

మరి ఆట ఎప్పుడు మొదలవుతుంది? జంతువుల ఆటను పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్ 2005లో ప్రచురించిన పుస్తకంలో, ఆటను గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పారు. వాటిలో ఒకటి మనకు చాలా ముఖ్యం. జంతువుకు ఆకలి, భయం వంటి ఒత్తిడి లేనప్పుడే ఆట సాగుతుంది. దీన్ని ఫొటోగ్రాఫర్ దృష్టితో ఆలోచించండి. మీరు దగ్గరికి వెళితే భయం పుడుతుంది. అరటిపండు చూపిస్తే తిండి కోసం పోటీ మొదలవుతుంది. రెండింటిలో ఏది జరిగినా ఆట ఆగిపోతుంది. అంటే పండు విసిరి తీసిన ఫొటోలో ఉండేది ఆట కాదు, పెనుగులాట. కాబట్టి దూరం పాటించడం మర్యాద మాత్రమే కాదు, ప్రయోగానికి ఉండవలసిన నియమం కూడా.

కన్నార్పకుండా సూటిగా చూడటం రీసస్ కోతుల భాషలో బెదిరింపు. అందువల్ల కెమెరా ఎత్తే ముందు కాసేపు పక్కకు తిరిగి నిలబడండి. కదలకుండా ఉండండి. గుంపు మిమ్మల్ని పట్టించుకోవడం మానేశాకే పని మొదలుపెట్టండి. ఫ్లాష్ వాడకండి.

ఇక కొంచెం భౌతికశాస్త్రం. ఒక కొండముచ్చు 5 మీటర్లు కింద ఉన్న కొమ్మ మీదకు దూకిందనుకుందాం. ఆ కొమ్మను చేరేసరికి దాని వేగం ఎంత? రెండును, గురుత్వ త్వరణం 9.8ని, ఎత్తు 5ను గుణిస్తే 98 వస్తుంది. దాని వర్గమూలం దాదాపు 10. అంటే సెకనుకు 10 మీటర్లు. మీ కెమెరా షట్టర్ సెకనులో 60వ వంతు సేపు తెరిచి ఉంటే, ఆ సమయంలో కొండముచ్చు సుమారు 17 సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఫొటోలో చారలే మిగులుతాయి. అదే 1000వ వంతు అయితే కదలిక ఒక్క సెంటీమీటరే. అయితే షట్టర్ వేగం పెంచితే వెలుతురు తగ్గుతుంది. 250వ వంతు నుంచి 1000వ వంతుకు వెళితే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటు తీరాలంటే ఐ.ఎస్.ఓ.ను 400 నుంచి 1600కు పెంచాలి. చెట్ల నీడలో ఈ లెక్క తప్పదు.

ఇంకొక సులువు ఉంది. పైకి ఎగిరి కిందికి వచ్చే గెంతులో, అన్నిటికన్నా ఎత్తైన బిందువు దగ్గర నిలువు వేగం సున్నా అవుతుంది. ఆ క్షణంలో నొక్కితే తక్కువ షట్టర్ వేగంతో కూడా ఫొటో బాగా వచ్చే అవకాశం ఉంది. అది ఎప్పుడు వస్తుందో ఊహించాలంటే ముందు కెమెరా పక్కన పెట్టి, ఆ పిల్లలు ఏ కొమ్మ మీద నుంచి పదే పదే గెంతుతున్నాయో చూడాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. రిజర్వులో అటవీ శాఖ నిబంధనలు పాటించండి. అనుమతి లేనిచోట వాహనం దిగకండి. రైలు కిటికీలోంచి, ప్లాట్‌ఫారం మీద నుంచి కోతులకు తిండి విసరకండి. ఒకసారి రుచి మరిగిన గుంపు పట్టాల దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. పట్టాల మీద రైళ్లు, పైన 25 వేల వోల్టుల తీగలు. మనం దయ అనుకున్నది దాని ప్రాణం మీదకు తెస్తుంది. కోతి కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. రేబిస్ టీకా అవసరమో కాదో ఆయన చెబుతారు.

చివరగా మీకొక చిన్న పని. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. సెల్‌ఫోన్ చాలు, నోటుపుస్తకం మాత్రం తప్పనిసరి. మీకు దగ్గరలో ఉన్న గుంపును దూరం నుంచే అరగంట గమనించండి. ఆట ఎవరు మొదలుపెట్టారు? ఎన్నిసార్లు వంతులు మారాయి? ఎలా ముగిసింది? తేదీ, సమయం, చోటు రాసుకోండి. తరువాత వరుసగా మూడు ఫొటోలు తీయండి. ఒక్క ఫొటోతో ఆటో, పోట్లాటో తేల్చడం కష్టం. మూడింటిని పక్కపక్కన పెడితే తేలిపోతుంది. మీరు ఫొటోలు తీసి వచ్చేటప్పుడు కూడా ఆ పిల్లలు ఆడుకుంటూనే ఉంటే, మీరు సరైన దూరంలో నిలబడ్డారన్నమాట.