పూనకానికీ ఒక పద్ధతి ఉంది



ఈమధ్య మన కుర్రాళ్ల ఫోన్లలో కొడైకెనాల్ పుట్టగొడుగుల వీడియోలు తిరుగుతున్నాయి. "గిరిజనుల పవిత్ర మందు, తింటే జ్ఞానం" అంటున్నారు. మన పేరు చెప్పి అమ్ముతున్నారు కాబట్టి మనమే మాట్లాడాలి.

ఎరుక అంటే తెలుసుకోవడం. మన ఎరుకల ఆడవాళ్లు సోది చెప్పడానికి ఏ ఆకూ తినలేదు. బుట్ట దించి, చేట ముందు పెట్టుకుని, అడిగినవాళ్ల చెయ్యి పట్టుకుని, ముందు దేవతల్ని పేరుపేరునా తలుచుకునేవారు. అది చాలాసేపు సాగేది. చెప్పే మనసూ వినే మనసూ ఒక దారికి రావడానికి పట్టే టైమ్ అది. జాతరలో పూనకం వచ్చిన మనిషినీ ఒంటరిగా వదలరు. ఒకరు పట్టుకుంటారు, ఒకరు పసుపు నీళ్లు పోస్తారు, దిగాక కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు.

సైకెడెలిక్ మందుల మీద పనిచేసేవాళ్లు దీన్నే 'సెట్ అండ్ సెట్టింగ్' అంటారు. సెట్ అంటే వెళ్లేటప్పటి మనసు, సెట్టింగ్ అంటే చోటూ చుట్టూ ఉన్న మనుషులూ. 1960లలో టిమోతీ లియరీ ఈ మాటను ప్రచారం చేశాడు. పేరు కొత్తదే గానీ సంగతి మనవాళ్లకు పాతదే. 2006లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీవాళ్లు పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్‌పై చేసిన పరిశోధన బయటికొచ్చింది. మందు ఇవ్వకముందే పక్కన ఉండబోయేవాళ్లతో గంటల తరబడి మాట్లాడించారు. గదిని ఇంట్లో హాల్లా అమర్చి, కళ్లకు గంత, చెవులకు సంగీతం పెట్టారు. ఇద్దరు పూర్తయ్యేదాకా పక్కనే ఉన్నారు. ఇలాంటి పరిశోధనల్లో ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మతిభ్రమ ఉంటే అసలు తీసుకోరు. మనమేమో అలాంటి జబ్బుల్ని ఇంట్లో దాచేస్తాం.

మెక్సికోలో మజటెక్ తెగకు చెందిన మరియా సబీనా రోగుల కోసం రాత్రిపూట, చీకట్లో, పాటలతో పుట్టగొడుగుల పూజ చేసేది. 1955లో గోర్డన్ వాసన్ అనే బ్యాంకరు అందులో కూర్చుని, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఇక రోగం లేనివాళ్లు, నియమం తెలియనివాళ్లు ఆ ఊరిమీద పడ్డారు. ఊరివాళ్లకు ఆమె మీద కోపం వచ్చింది, ఆమె ఇల్లు కాలిపోయింది. పుట్టగొడుగులకు బలం పోయిందని ఆమె తర్వాత బాధపడింది. పాపం, పేరు ఆయనకొచ్చింది, నష్టం ఆమెది.

మన దేశంలో సైలోసైబిన్, ఎల్ఎస్డీ 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం కింద నిషేధం. కేసు పడితే ఉద్యోగం, చదువు రెండూ పోతాయి. లాయరు ఫీజుకు మన ఇళ్లలో ఏం అమ్ముతాం? ఇక గట్ల మీద దొరికే ఉమ్మెత్త అసలు ఈ కోవలోది కాదు. అది విషం. మనసు ఎంత సిద్ధం చేసుకున్నా అది గుండెనూ ఒంటి వేడినీ వదలదు.

ఎవరైనా ఏదో తిని బెదిరిపోతుంటే తిట్టకండి, నలుగురూ మూగకండి, ఒంటరిగా వదలకండి. సందడి లేని చోట కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడండి. ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఏం తిన్నాడో దాచకుండా చెప్పండి. అలవాటు మాన్పించుకోవాలంటే 14446 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు.

సోది చెప్పే ముసలమ్మలు మన గుడిసెల్లో ఇంకా కొందరున్నారు. దేవతల్ని ఏ వరసలో తలుస్తారో ఈ వేసవి సెలవుల్లో, వాళ్లు ఒప్పుకుంటే, ఫోన్లో రికార్డు చేసి సంఘానికి ఇవ్వండి.