సంఘం ఉత్తరాలు - వాటి భద్రత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పాఠాలు చెప్పుకునే వాళ్లం గనుక చదువు గురించే మాట్లాడతామని మీరనుకొని ఉంటారు. ఈసారి మేం ఎత్తుకున్న విషయం వేరు. సంఘానికి వచ్చే ఈ-మెయిల్ ఉత్తరాలను ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి అన్నది. ఇది కంప్యూటరు వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఒక పిల్లవాడి స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు వచ్చిన జవాబు, భర్త పోయిన ఒక సోదరి పింఛను కోసం పెట్టిన అర్జీ, ఆస్పత్రి ఖర్చుల బిల్లులు, ఇవన్నీ నేడు బీరువాలో లేవు. ఒక్క ఫైలులో ఉన్నాయి. అది కాస్తా పోతే, మేం అర్జీ పెట్టామని చెప్పుకోవడానికి రుజువేది?

దాచడమంటే ఏమిటో వేటపాలెం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1918లో వెలసిన సారస్వత నికేతనం మన ఊళ్లోనే ఉన్నది. పాత పత్రికలు చూడాలని పరిశోధకులు దూరాభారాలనుండి ఇక్కడికి వస్తారు. కాగితానికి చెద పట్టినా కొన్ని పుటలు పోయి తక్కినవి మిగులుతాయి. కంప్యూటరు ఫైలు సంగతి అట్లా కాదు. ఒకచోట దెబ్బ తగిలితే మొత్తం తెరుచుకోకపోవచ్చును.

అవుట్‌లుక్ వాడేవారి ఉత్తరాలు కొన్ని ఏర్పాట్లలో పి.ఎస్.టి. అనే ఫైలులో చేరుతుంటాయి. 2002 నాటి అవుట్‌లుక్ వరకు దీనికి 2 జీబీలే హద్దు. 2010 నుండి 50 జీబీల వరకు పెరగనిస్తున్నారు. ఎంత పెరిగితే అంత బరువు, అంత జాగ్రత్త.

ఇక నెట్‌వర్క్ డ్రైవ్ అంటే, ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ వైరు ద్వారా అందే ఉమ్మడి డిస్కు. అసలు ఫైలునే అందులో పెట్టుకొని పని చేస్తే అందరికీ సుఖం గదా అని కొందరంటారు. అది కూడదు. ఆ ఫైలును తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారే వద్దన్నారు. ఎందుకంటే అవుట్‌లుక్ ఆ ఫైలులో క్షణక్షణం చిన్నచిన్న రాతలు రాస్తూ ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా, వైరు కదిలినా ఆ రాత సగంలో ఆగుతుంది. మగ్గం మీద పోగు తెగితే నేతగాడి కంట పడుతుంది, అప్పుడే ముడి వేస్తాడు. ఇక్కడ తెగినది ఎవరి కంటా పడదు. పైగా ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి తెరవడానికి వీల్లేదు. బాగుచేసే సాధనం అవుట్‌లుక్‌తోనే వస్తుంది గాని, పోయిన ప్రతి ఉత్తరాన్నీ అది తిరిగి తేలేదు.

కనుక అసలు ఫైలు కార్యదర్శిగారి కంప్యూటరులోనే ఉండాలి. నెట్‌వర్క్ డ్రైవులో ఉండవలసింది నకలు. నకలు తీసేముందు అవుట్‌లుక్‌ను పూర్తిగా మూసివేయాలి. పాత నకలు మీదనే కొత్తది పడేయకుండా, తేదీ వేసి వేరుగా పెట్టాలి. పాడైన ఫైలుకు తీసిన నకలు కూడా పాడైనదే గదా!

ఆ ఒక్క నకలూ చాలదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. అది నెట్‌వర్కు దారినే ఒకదాన్నుంచి మరొకదానికి పోయింది. అందుచేత ఇంకొక నకలు వైరుకు తగిలించని విడి డిస్కులో ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరనే తీరం దాటింది. నీళ్లొస్తే కంప్యూటరూ, పక్కన పెట్టిన డిస్కూ రెండూ తడుస్తాయి. కాబట్టి ఆ డిస్కు ఆఫీసులో కాదు, వేరే ఊళ్లోని సభ్యులెవరి ఇంట్లోనైనా ఉంటే మేలు.

"మెయిలు కంపెనీ వారి దగ్గర ఎటూ ఉంటాయిగా" అంటారేమో. కొన్ని ఏర్పాట్లలో ఉత్తరం మన కంప్యూటరులోకి దిగగానే అక్కడ చెరిగిపోతుంది. మరికొన్నింటిలో మనం ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. రెండుచోట్లా ఒకేలా కనబడటం వేరు, నకలు ఉండటం వేరు.

ఈ ఉత్తరాలలో మన ఇళ్ల కష్టాలున్నాయి, ఆధార్ కాపీలున్నాయి. నకళ్లకు తాళపు మాట పెట్టాలి. అది ఇద్దరు బాధ్యులకు తెలియాలి. ఒక్కరికే తెలిస్తే, ఆయన లేనినాడు తాళం మనకే పడుతుంది.

మేము కోరేది ఇంతే. నెలకొక ఆదివారం ఒక గంట ఇందుకు కేటాయించండి. ఆనాడు ఒక నకలును వేరే కంప్యూటరులోకి దించి, ఏదో ఒక పాత ఉత్తరం తెరిచి చదవండి. తెరుచుకుంటేనే దాచినట్టు. చదువుకుంటున్న మన పిల్లలలో ఇద్దరికి ఈ పని నేర్పితే పెద్దలకు భారం తగ్గుతుంది, వారికి బాధ్యత అలవడుతుంది. మనల్ని నమ్మి అర్జీ ఇచ్చిన వారి కాగితం మన చేతిలో పోకూడదు.