కెర్నెల్‌లో మీ ఫంక్షన్ ఎంత స్టాక్ తింటోంది? కొలిచి చూద్దాం!

మీరు ఈ వీడియో చూస్తున్న ఫోన్ ఆండ్రాయిడ్ అయితే, దాని లోపల నడిచేది లినక్స్ కెర్నెలే. ర్యామ్ 8 జీబీ, 12 జీబీ అని గొప్పగా చెప్పుకుంటాం కదా. మరి ఒక యాప్ ఫైల్ తెరవమని కెర్నెల్‌ని అడిగితే, ఆ పనిలో ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్లన్నిటికీ కలిపి దొరికే స్టాక్ ఎంతో తెలుసా? 64 బిట్ ఫోన్‌లో 16 కేబీ. జీబీ కాదు, ఎంబీ కాదు, కేబీ! మామూలు ప్రోగ్రామ్‌కైతే లినక్స్‌లో సాధారణంగా 8 ఎంబీ దాకా స్టాక్ పెరగొచ్చు. కెర్నెల్‌లో అలా పెరగదు. ఇచ్చింది ఇంతే, సర్దుకోవాలి.

ఇది నేను చదివి నేర్చుకోలేదు, దెబ్బ తిని నేర్చుకున్నా. పాత కెర్నెల్ ఉన్న ఒక 32 బిట్ ఆర్మ్ బోర్డుకి డ్రైవర్ రాశా. అక్కడ స్టాక్ 8 కేబీయే. నేనేమో ఫంక్షన్ లోపల హాయిగా 1024 ఇంట్‌ల అర్రే పెట్టా. ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 4 కేబీ. సగం స్టాక్ నేనొక్కడినే తినేశా! ఫ్రేమ్ సైజ్ 1024 బైట్లు దాటిందని కంపైలర్ వార్నింగ్ కూడా ఇచ్చింది. ఎర్రర్ కాదు కదా అని వదిలేశా.

టేబుల్ మీద టెస్ట్ చేస్తే అంతా సూపర్. నెట్‌వర్క్ లోడ్ పెరిగితే మాత్రం బోర్డు హ్యాంగ్. ప్రతిసారీ వేరే చోట క్రాష్, లాగ్‌లో నా డ్రైవర్ పేరే లేదు. మెమరీ చిప్ పాడైందని బోర్డు కూడా మార్పించా. కొత్త బోర్డు తెచ్చిచ్చిన అన్నకి ఇప్పటికీ నిజం చెప్పలేదు.

అసలు జరిగిందేంటంటే, స్టాక్ పై నుంచి కిందికి పెరుగుతుంది. ఆ కెర్నెల్‌లో అట్టడుగున థ్రెడ్ ఇన్ఫో అనే స్ట్రక్చర్ ఉండేది. హద్దు దాటితే ముందు దాన్ని తొక్కేస్తాం, తర్వాత పక్కవాళ్ల మెమరీని. తప్పు చేసేది ఒకరు, చచ్చేది ఇంకొకరు. పైగా ఇంటరప్ట్ వస్తే దాని పని కూడా అదే స్టాక్ మీద. అందుకే లోడ్ ఉన్నప్పుడే పడిపోయేది.

మరి కొలిచేదెలా? కెర్నెల్ సోర్స్‌లోనే చెక్‌స్టాక్ అనే పెర్ల్ స్క్రిప్ట్ ఉంది. బిల్డ్ అయ్యాక 'మేక్ చెక్‌స్టాక్' కొడితే చాలు. ఇది ఆబ్జ్‌డంప్‌తో మెషీన్ కోడ్ విప్పి, ప్రతి ఫంక్షన్ స్టాక్ పాయింటర్ నుంచి ఎంత తీసేస్తోందో వెతుకుతుంది. ఆ తీసేసిన సంఖ్యే దాని ఫ్రేమ్ సైజ్. అంతే, ఇంకే మాయా లేదు! పెద్దవి పైన వచ్చేలా లిస్ట్ ఇస్తుంది. నేను కొట్టగానే మొదటి లైన్‌లోనే నా ఫంక్షన్. సిగ్గేసింది. జీసీసీలో ఎఫ్ స్టాక్ యూసేజ్ అనే ఆప్షన్ ఇచ్చినా దాదాపు ఇదే లెక్క ఎస్‌యూ ఫైళ్లలో వస్తుంది.

కానీ ఈ లిస్ట్ ఒక్కటే నమ్మకండి. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో దానికి తెలీదు. ఒక్కొక్కటీ 200 బైట్లే తినే ఫంక్షన్లు నలభై వరసగా పిలుచుకుంటే 8 కేబీ దాదాపు అయిపోయినట్టే. 64 బిట్ ఎక్స్86లో కూడా మొదట 8 కేబీయే ఉండేది. మెమరీ ఒత్తిడిలో పిలుపుల గొలుసు మరీ లోతుకి వెళ్లి నిజంగానే పొంగడంతో 2014లో, 3.15 వెర్షన్‌లో, 16 కేబీకి పెంచారు.

ఆ లోతు చూడాలంటే స్టాక్ ట్రేసర్ ఆన్ చేయాలి. కెర్నెల్ నడుస్తుండగా ఫంక్షన్లలోకి వెళ్లినప్పుడల్లా లోతు చూసి, ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠాన్ని దాచిపెడుతుంది. ఆ గొలుసులో ఎవరెంత తిన్నారో కూడా పక్కనే ఉంటుంది. కాకపోతే మీరు నడిపించిన దారులనే చూస్తుంది. లోడ్ పెట్టకుండా చూసి మురిసిపోతే నాలాగే అవుతుంది.

చివరికి ఆ అర్రేని కెమాలక్‌తో బయట పెట్టా. ఫ్రేమ్ వంద బైట్లలోపుకి వచ్చింది, హ్యాంగులు ఆగాయి. కెమాలక్ ఫెయిలైతే ఏం చేయాలో రాయడం మాత్రం మర్చిపోయా. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో!