చెఱకు జమాఖర్చు



నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. రసాయన ఇంజనీరింగును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరగా మొదట సంకోచించితిని. విచారింపగా అదియు ఒక జమాఖర్చే యని తెలిసినది. లోనికి వచ్చిన పదార్థము, వెలికి పోయినదానికిని లోపల నిలిచినదానికిని సరిపోవలెను. సరిపోకున్నచో ఎచ్చటనో కారుచున్నదన్నమాట.

మన బోధను చక్కెర కర్మాగారమునే తీసికొందము. కందకుర్తి వద్ద గోదావరిలో కలియు మంజీరపై 1931లో నిజాంసాగరము పూర్తియయ్యెను. ఆ నీటితో చెఱకు పెరిగెను. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ ఏర్పడెను. 100 కిలోల చెఱకు జమకట్టినచో ఇంచుమించు 10 కిలోల చక్కెర, 30 కిలోల పిప్పి, 4 కిలోల మొలాసిస్, 3 కిలోల మడ్డి ఖర్చు వ్రాయవలెను. తక్కినది చాలవరకు నీరు. పిప్పియే బాయిలరునకు వంటచెఱకగును.

ఆ నీటిని తొలగించుటయే కష్టము. నా బాల్యమున ఒక రాత్రి మా తండ్రిగారి బెల్లపు పెనము అడుగంటి మాడిపోయెను. బండెడు చెఱకు నల్లబడెను. ఆయన ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మంట హెచ్చినచో తీపి మాడును. తగ్గినచో నీరు పోదు. ఈ చిక్కును అమెరికాలో నార్బర్ట్ రిల్యూ అను నల్లజాతి సంతతి శాస్త్రజ్ఞుడు విప్పి, 1843లో పేటెంటు పొందెను. మూసిన పాత్రలోని గాలిని లాగివేసినచో రసము తక్కువ వేడికే మరగును. మొదటి పాత్రనుండి లేచిన ఆవిరి రెండవదానిని, రెండవదాని ఆవిరి మూడవదానిని మరగించును. ఇట్లు 1 కిలో ఆవిరితో ఇంచుమించు 3 కిలోల నీరు తొలగును. ఖర్చును మరల జమగా మార్చుట యనిన ఇదియే!

1887లో మాంచెస్టరులో జార్జి డేవిస్ వరుస ఉపన్యాసములిచ్చి, సరకు ఏదైనను మరగించుట, వడకట్టుట, ఎండబెట్టుట అను క్రియలు ఒక్కటే యని బోధించెను. 1915లో ఆర్థర్ లిటిల్ వానికి ‘యూనిట్ ఆపరేషన్లు’ అని పేరిడెను. మన దేశమున 1921లో ఈ విద్య ఆరంభమయ్యెను. హంస పాలను నీటిని వేరుచేయునని కవులు చెప్పిరి. వీరు ఆ వేరుచేయుటకు కొలతలు కట్టిరి.

2015లో బోధను కర్మాగారము మూతపడెను. పాకమును వ్రేళ్లనడుమ తీగసాగించి, రవ్వ కట్టు అదను కనుగొన్న పెద్దలు ఈ సభలోనే యున్నారు. యంత్రములు నిలిచినను విద్య నిలిచిపోరాదు. అయ్యలారా! ప్రతి ఆదివారము సాయంకాలము ఇచ్చటికి వచ్చి మీ యనుభవములు చెప్పుడు, నేను వ్రాసికొందును. ఆ పుస్తకము ఈ గ్రంథాలయపు బీరువాలో మన పిల్లలకొరకు ఉండవలెను. చిట్టాకెక్కని జమ, ఎంత గొప్పదైనను, నష్టమే.